కుందేలుకు లంఖణం పనికిరాదు

గడ్డి తగ్గితే పేగు ఆగుతుంది - పేగు ఆగితే ప్రాణం పోతుంది

తెనాలి (గ్రామీణ విలేఖరి): "లంఖణం పరమౌషధం" అన్నది మన పెద్దల మాట. పిల్లవాడికి అజీర్ణం చేస్తే ఒక పూట అన్నం మానిపించి, కాస్త వాము నమిలించి పడుకోబెట్టడం ప్రతి ఇంట్లోనూ వున్నదే. గేదె పొట్ట ఉబ్బితే రైతు ముందుగా దాణా ఆపుతాడు. కాని ఈ అలవాటే పెంపుడు కుందేలు దగ్గర ప్రాణం మీదికి తెస్తున్నది. మేత ముట్టని కుందేలును చూసి "కడుపు బాగాలేదేమో, ఒక రోజు వదిలేస్తే అదే సర్దుకుంటుంది" అనుకోవడం, మర్నాడు ఉదయం గూడు తెరిచేసరికి అది బిగుసుకుపోయి వుండటం కుందేళ్ళను పెంచే ఇళ్ళలో జరిగే సంగతే. ఆ పూట ఆ ఇంట్లో పిల్లలకు అన్నం సయించదు.

కుందేలు విషయంలో లంఖణం మందు కాదు, అదే జబ్బు. పన్నెండు గంటలపాటు అది ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా వెంటనే డాక్టరుకు చూపించవలసిన పరిస్థితి అని పశువైద్యులు చెబుతారు. గేదె రెండు పూటలు మేత మానితే రైతు కంగారుపడతాడు. కుందేలు ఒక్క పూట మానినా అంత కంగారు పడవలసిందే. ఎందుకో తెలియాలంటే దాని కడుపు తీరు కొంచెం తెలుసుకోవాలి.

నెమరు లేదు, వాంతి లేదు

కుందేలు గడ్డి తినే జంతువే గాని గేదె వంటిది కాదు. గేదెకు నాలుగు గదుల పొట్ట. తిన్నదాన్ని తిరిగి నోట్లోకి తెచ్చుకుని తీరిగ్గా నెమరు వేస్తుంది. కుందేలు పొట్ట ఒకటే గది. అది నెమరు వేయదు. వాంతి కూడా చేసుకోలేదు. లోపలికి పోయింది ముందుకు నడవవలసిందే తప్ప వెనక్కు వచ్చే దారి లేదు.

చిన్నపేగు దాటాక పెద్దపేగు మొదట్లో ఒక పెద్ద సంచి వుంటుంది. పాఠ్యపుస్తకాల్లో దీన్నే అంధనాళం అంటారు. కుందేలు కడుపులో అన్నిటికన్నా పెద్ద భాగం ఇదే. కోట్ల సంఖ్యలో సూక్ష్మజీవులు అందులో కాపురం వుంటాయి. గడ్డిలోని ముతక పీచు ఈ సంచిలోకి పోకుండా నేరుగా గుండ్రటి ఎండు పెంటికలై బయటపడుతుంది. మెత్తటి పదార్థం మాత్రం సంచిలోకి పోయి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులుస్తుంది. మాంసకృత్తులూ బి విటమినులూ అక్కడ తయారవుతాయి. అలా తయారయిన ముద్ద రాత్రివేళ, తెల్లవారుజామున మెత్తటి పెంటికలుగా వస్తుంది. కుందేలు వాటిని నేలమీద పడనీయకుండా నోటితో అందుకుని తినేస్తుంది. గేదెకు నెమరు ఎటువంటిదో కుందేలుకు ఇది అటువంటిది.

ఈ సంగతి తెలియక కొందరు "కుందేలు తన పెంట తానే తింటున్నది, ఏదో రోగం పట్టింది" అని బెంగపడతారు. అదిలించి మానిపించాలని చూస్తారు. అది రోగం కాదు, ఆరోగ్య లక్షణం. మానిపిస్తేనే కుందేలు చిక్కిపోతుంది.

ఇక్కడ అసలు కీలకం ముతక పీచు. పేగును కదిలించేది, లోపల వున్నదాన్ని ముందుకు నెట్టేది అదే. పీచు తగ్గితే పేగు నడక మందగిస్తుంది. లోపలి పదార్థం నీరు ఇంకి గట్టిపడుతుంది. సంచిలో మంచి సూక్ష్మజీవులు తగ్గి చెడ్డవి పెరుగుతాయి. గాలి చేరి పొట్ట ఉబ్బుతుంది, నొప్పి పుడుతుంది. నొప్పి పుట్టిన కుందేలు తినదు. తినకపోతే పేగు ఇంకా నెమ్మదిస్తుంది. ఇలా ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోయి చివరకు పేగు పూర్తిగా ఆగిపోతుంది. అంతటితో అయిపోదు. తిండి లేనప్పుడు ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుంటుంది, కాలేయం దెబ్బతింటుంది. బాగా బలిసిన కుందేళ్ళకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఆకలితో వుంచితే కడుపు తేలికపడుతుందన్న లెక్క అందుకే ఇక్కడ తప్పిపోతున్నది.

పళ్ళు కూడా కారణమే

కుందేలుకు 28 పళ్ళు. బతికినంతకాలం అవి పెరుగుతూనే వుంటాయి. ముందు పళ్ళు వారానికి సుమారు రెండు మిల్లీమీటర్లు పెరుగుతాయి. గడ్డిపోచను దవడ పళ్ళతో పక్కకు పక్కకు నూరినప్పుడు అవి తిరగలి రాళ్ళలాగా ఒకదానికొకటి రాసుకుని అరుగుతాయి. అన్నం, రొట్టె, పండు ముక్కలు అలా నూరవలసిన తిండి కాదు. అందువల్ల పళ్ళు అరగవు. దవడ పళ్ళ అంచులు ములుకుల్లా పెరిగి నాలుకనూ బుగ్గలనూ కోస్తాయి. తిండి దగ్గరకు వచ్చి, వాసన చూసి, నోట్లో పెట్టుకుని వదిలేసే కుందేలుకు, గడ్డం కింద బొచ్చు తడిసి వుండే కుందేలుకు కడుపుకన్నా ముందు నోరు చూపించవలసి వుంటుంది.

"గడ్డి ఎందుకండీ, బాగానే చూసుకుంటున్నాం"

జబ్బుచేసిన కుందేలును పశువుల ఆస్పత్రికి తెచ్చినప్పుడు నడిచే మాటలు చాలావరకు ఇలా వుంటాయి.

"ఏం పెడుతున్నారమ్మా?"

"అన్నీ పెడతామండీ. పొద్దున క్యారెట్టు, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం పిల్లలు బిస్కట్లు వేస్తారండీ."

"గడ్డి?"

"గడ్డి ఎందుకండీ, మేం బాగానే చూసుకుంటున్నాం."

గడ్డి వేయడమంటే తక్కువగా చూడటమనీ, మనం తినేది పెట్టడమే ప్రేమ అనీ మనవాళ్ళలో ఒక భావం వుంది. ప్రేమకు లోటు లేదు. లోటు గడ్డికే. కుందేలు తిండిలో పది వంతులకు ఎనిమిది వంతులు గడ్డి వుండాలి. అది పగలూ రాత్రీ దానికి అందుబాటులో వుండాలి. రోజుకు ఎంత అంటే, కుందేలు ఒళ్ళంత కట్ట అని గుర్తు పెట్టుకుంటే చాలు. మిగిలితే మిగలనివ్వాలిగాని చాలకుండా పోకూడదు.

క్యారెట్ సంగతి కూడా చెప్పుకోవాలి. బొమ్మల పుస్తకాల్లో, సినిమాల్లో కుందేలు చేతిలో ఎప్పుడూ క్యారెట్టే. నిజానికి క్యారెట్ దుంపలో తీపి ఎక్కువ. ఆ తీపి సంచిలోకి చేరి అక్కడి సూక్ష్మజీవుల సమతూకాన్ని చెడగొడుతుంది. వారంలో రెండు మూడుసార్లు బొటనవేలంత ముక్క మిఠాయిలాగా పెట్టవచ్చు. అరటిపండు, ఆపిల్, జామ కూడా అంతే. కూరల బజారులో పారవేసే క్యారెట్ ఆకు మాత్రం దుంపకన్నా ఎంతో మేలయిన మేత.

మన దగ్గర దొరికే మేత

పట్నాల్లో పొట్లాల్లో అమ్మే ఎండుగడ్డి కొనే స్తోమత అందరికీ వుండదు. అది లేకపోతే కుందేలు బతకదనీ కాదు. మన గట్లమీద పెరిగే గరిక కుందేలుకు మంచి మేత. పూత రాకముందే కోసి, నీడలో పల్చగా పరిచి, రెండు మూడు రోజులు తిరగేస్తూ ఆరబెడితే మంచి ఎండుమేత తయారవుతుంది. చేత్తో నలిపితే చమ్మ తగలకూడదు, ముక్కు దగ్గర పెట్టుకుంటే బూజు వాసన రాకూడదు. వర్షాలు మొదలు కాకముందే ఒక గోతాము నిండా చేసి పెట్టుకుంటే ముసురు రోజుల్లో ఇబ్బంది వుండదు.

వరిగడ్డి మన ప్రాంతంలో కావలసినంత. గూట్లో పరుపుగా వేయడానికి, ఊసుపోక కొరకడానికి అది బాగుంటుంది. కాని అందులో పోషకం తక్కువ, దుమ్ము ఎక్కువ. వరిగడ్డి ఒక్కదానితోనే కుందేలును సాకలేము. మాగాణుల్లో వరి తర్వాత చల్లే పిల్లిపెసర, జనుము, తోటల్లో వేసే లూసర్న్ పప్పుజాతి మేతలు. వీటిలో మాంసకృత్తులు ఎక్కువ. ఎదిగే పిల్లలకు, పాలిచ్చే తల్లికి మంచివి. ఎదిగిన కుందేలుకు మాత్రం అవి ఎక్కువయితే పొట్టలో గాలి చేరుతుంది, మూత్రంలో సున్నం పేరుకుంటుంది. వాటిని కొంచెంగా, గడ్డితో కలిపి పెట్టాలి.

ఆకుకూరల్లో కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు, క్యారెట్ ఆకు, మందార ఆకు, మల్బరీ ఆకు మంచివి. తోటకూర, పాలకూర అప్పుడప్పుడు మాత్రమే. క్యాబేజీ, కాలీఫ్లవరు ఆకులు కొన్ని కుందేళ్ళకు పడవు, గాలి చేస్తాయి. చిన్న ముక్కతో మొదలుపెట్టి చూసుకోవాలి. కిలో బరువున్న కుందేలుకు రోజుకు రెండు గుప్పిళ్ళ ఆకు చాలు. ఏ ఆకయినా కడిగి, నీళ్ళు ఓడ్చి పెట్టాలి. కోసి కుప్పపోసిన పచ్చిగడ్డి లోపల వేడెక్కి పులుస్తుంది. దాన్ని వేస్తే ఆ పూటే పొట్ట ఉబ్బుతుంది.

దుకాణాల్లో అమ్మే గుళికల మేత పెట్టేవారు ఎదిగిన కుందేలుకు కిలో బరువుకు రోజుకు 25 గ్రాములు మించనీయరాదు. గుళికలు నిండుగా పోస్తే కుందేలు గడ్డి వైపు చూడదు. చాలా ఇళ్ళలో పీచు లోటు ఇక్కడే మొదలవుతుంది.

మేత మార్చదలచుకుంటే ఒక్కరోజులో మార్చకూడదు. పాతది కొంచెం తగ్గిస్తూ, కొత్తది కొంచెం పెంచుతూ ఏడు నుంచి పది రోజులు తీసుకోవాలి. ఇంతకాలం అన్నం, బిస్కట్టు తిన్న కుందేలును గడ్డికి మళ్ళించేవారు కూడా ఇదే పద్ధతి పాటించాలి. "రేపటినుంచి గడ్డి ఒక్కటే" అని పంతం పడితే అది గడ్డి ముట్టక, ఇంకేమీ లేక మనం భయపడే లంఖణంలోనే పడుతుంది.

పెట్టకూడనివి

అన్నం, చపాతీ, రొట్టె, బిస్కట్టు, మరమరాలు, మిఠాయి, చాక్లెట్టు, పాలు ఎదిగిన కుందేలుకు పనికిరావు. నానబెట్టిన శనగలు బలమని గుప్పెడు పోస్తుంటారు. వాటిలో పిండిపదార్థం ఎక్కువ, కడుపు చెడుతుంది. వేరుశనగ చెక్క, పాత దాణా బూజు పట్టి వుంటే అసలు ముట్టనీయరాదు. బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషానికి కుందేలు చాలా తొందరగా లొంగిపోతుంది.

ఉల్లి, వెల్లుల్లి, బంగాళదుంప ఆకు, మొలకెత్తిన బంగాళదుంప, టమాటా ఆకు పెట్టకూడదు. గన్నేరు, లాంటానా విషాలు. గూడు పెరట్లో వుంటే పక్కన గన్నేరు చెట్టు లేకుండా చూసుకోవాలి. లేత జొన్న, వర్షం లేక వాడిన జొన్న నాము అని పశువులకు వేయడానికి రైతులు జంకుతారు. కుందేలుకూ అదే జాగ్రత్త అవసరం. సుబాబుల్ ఆకులో మైమోసిన్ అనే పదార్థం వుంటుంది. అది ఎక్కువయితే కుందేలుకు బొచ్చు రాలిపోతుంది. పురుగుమందు కొట్టిన చేలగట్ల గడ్డి, పత్తి చేల పక్క గడ్డి కోయకూడదు. మందు కొట్టింది మనం కాకపోయినా పక్క చేను వారిని అడిగి తెలుసుకోవడం మంచిది.

పెంటికలు చెప్పే కబురు

కుందేలు తన బాధను దాచుకునే జంతువు. అడవిలో బలహీనంగా కనిపించిన దానిని వేటాడే జంతువు ముందు పట్టుకుంటుంది కనుక నొప్పి వున్నా లేనట్లే కూర్చోవడం దాని జాతి లక్షణం. అరవదు, మూలగదు. అందువల్ల దాని ఆరోగ్యం తెలుసుకోవడానికి మనకున్న దారి గూటి కింద తట్టే. రోజూ ఉదయం ఆ తట్టను ఒక నిమిషం చూస్తే చాలు.

ఆరోగ్యంగా వున్న కుందేలు రోజుకు సుమారు రెండు మూడు వందల పెంటికలు వేస్తుంది. అవి గుండ్రంగా, అన్నీ ఒకే సైజులో, విరిస్తే లోపల గడ్డి పీచు కనిపిస్తూ వుంటాయి. అవి చిన్నవిగా, గట్టిగా, వంకరగా మారినా, సంఖ్య తగ్గినా పేగు మందగిస్తున్నదని మొదటి హెచ్చరిక. బొచ్చు రాలే కాలంలో వెంట్రుకతో దండలా గుచ్చుకుని వస్తాయి. ఆ రోజుల్లో దువ్వి, నీళ్ళూ గడ్డీ ఎక్కువ అందేటట్లు చూడాలి.

మెత్తగా, నల్లగా, ద్రాక్షగుత్తిలా అతుక్కున్న పెంటికలు తోక కింద అంటుకుని కనిపిస్తే అవి కుందేలు తినకుండా వదిలేసిన రాత్రి పెంటికలు. తిండి మరీ బలంగా వున్నదనో, ఒళ్ళు వచ్చి వంగలేకపోతున్నదనో అర్థం. గుళికలు, తీపి తగ్గించి గడ్డి పెంచితే చాలావరకు సర్దుకుంటుంది. తోక కింద మురికిని మాత్రం ఆ రోజే శుభ్రం చేయాలి. లేకపోతే ఈగలు వాలి, గుడ్లు పెట్టి, పురుగు పడుతుంది. కుందేలు ఒంటిమీద పురుగు పడితే గంటల్లోనే ప్రమాదం.

నీళ్ళలా పారుతున్నా, జిగురు వంటి చీమిడి పడుతున్నా అది వేరే సంగతి. ముఖ్యంగా మూడు నెలల లోపు పిల్లలకు నీళ్ళ విరేచనం పట్టుకుంటే ఒంట్లో నీరు పోయి ఒక్క రోజులో చనిపోవచ్చు. ఇంటి చిట్కాలతో వేళ గడపకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి. ఇక తట్ట ఖాళీగా వుంటే, కుందేలు మూలకు ఒదిగి, వీపు గూనిలా పెట్టి, కళ్ళు సగం మూసి, పళ్ళు కొరుకుతూ, చెవులు చల్లబడి వుంటే అన్నిటికన్నా ప్రమాదం.

సంతలో కొన్న పిల్ల

సంతల్లో, తిరునాళ్ళలో బుట్టల్లో పెట్టి అమ్మే కుందేలు పిల్లలు అరచేతిలో ఇమిడేటంత వుంటాయి. చిన్నవయితే ముద్దొస్తాయి, ముద్దొస్తే అమ్ముడుపోతాయి. కాని మూడు వారాల వయసు దాకా పిల్ల ఆహారం తల్లిపాలే. ఆ తర్వాతే గడ్డి కొరకడం నేర్చుకుంటుంది. సంచిలో సూక్ష్మజీవుల కాపురం అప్పుడే మొదలవుతుంది. అది కుదురుకోకముందే తల్లినుంచి విడదీసి, బుట్టలో కుదేసి, బస్సులో తిప్పి, ఇంటికి రాగానే క్యారెట్ పెడితే ఆ కడుపు తట్టుకోలేదు. ఎనిమిది వారాలు నిండిన పిల్లను తెచ్చుకోవడం మంచిది. అమ్మినవారిని అప్పటిదాకా ఏం మేపారో అడిగి, మొదటి వారం అదే మేత కొనసాగించాలి. 2018లో కేంద్రప్రభుత్వం తెచ్చిన పెంపుడు జంతువుల దుకాణాల నిబంధనల్లో కుందేలు కూడా వుంది. దుకాణం రిజిస్టరు అయినదో లేదో అడిగే హక్కు కొనేవారికి వున్నది.

పిల్లలకు వచ్చే మరో పెద్ద జబ్బు కాక్సిడియోసిస్. కోడిపిల్లలు పెంచేవారికి ఈ పేరు తెలిసినదే. అయితే కోళ్ళకు వచ్చేది కుందేళ్ళకు, కుందేళ్ళకు వచ్చేది కోళ్ళకు అంటదు. ఈ క్రిమి గుడ్లు పెంటికల్లో బయటపడి, తేమా వెచ్చదనమూ దొరికితే కొద్ది రోజుల్లోనే బలపడి, మేతతోపాటు మళ్ళీ కడుపులోకి పోతాయి. పొట్ట పెద్దదై, వెన్ను తేలి, పారుతూ పిల్లలు క్షీణిస్తాయి. గడ్డిని నేలమీద వేయకుండా గూటి పక్కన తీగల బుట్టలో పెట్టడం, తట్టను రోజూ ఎత్తిపోయడం, గూటిని మరిగే నీళ్ళతో కడిగి ఎండలో ఆరబెట్టడం దీనికి విరుగుడు. మామూలు ఫినాయిలుకు ఆ గుడ్లు చావవు. మందు పెంటికల పరీక్ష చేయించాక డాక్టరు ఇవ్వవలసిందే.

ఇక పొలాల్లో దొరికే చెవులపిల్లి మన ఇంటి కుందేలు కాదు. పెంపుడు కుందేళ్ళ పూర్వీకులు ఐరోపాలోని స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతాలవి. చెవులపిల్లి మన దేశపు అడవి జంతువు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పించింది. పిల్ల దొరికిందని ఇంటికి తెస్తే నేరమవుతుంది. అదీగాక గూట్లో అది బెదిరి, తిండి మాని చనిపోతుంది. చేలో కనిపించిన చోటనే వదిలివేయడం ధర్మం.

మనిషి మాత్ర కుందేలుకు విషం

విరేచనాలు అనగానే మందుల షాపుకు వెళ్ళి, పిల్లలకు వాడే మాత్రలో సగం అడిగి తెచ్చేవారు చాలామంది. ఇక్కడ ఒక సంగతి అందరూ తెలుసుకోవాలి. మనుషులకు నిత్యం వాడే అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, లింకోమైసిన్, క్లిండామైసిన్ వంటి మందులు నోటిద్వారా ఇస్తే కుందేలు సంచిలోని మంచి సూక్ష్మజీవులు నశిస్తాయి. వాటి చోట విషం పుట్టించే క్రిములు పెరిగి కుందేలు చనిపోతుంది. జబ్బు తగ్గించబోయి మందే ప్రాణం తీసినట్లవుతుంది. మనుషుల్లో విరేచనం కట్టడానికి వాడే మాత్రలు పేగు కదలికను తగ్గించి పనిచేస్తాయి. పేగు కదలికే ప్రాణాధారమైన జంతువుకు వాటి వల్ల ఎంత హాని జరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు. కుక్కల గోమార్లకు వాడే ఫిప్రోనిల్ మందు కూడా కుందేలుకు చల్లరాదు, ప్రాణాపాయం.

కుందేలుకు పనికివచ్చే మందులు లేకపోలేదు. నొప్పి తగ్గించేవి, పేగును నడిపించేవి, చర్మం కింద ఎక్కించే సెలైను పశువైద్యుల వద్ద వున్నాయి. అయితే పొట్టలో అడ్డం పడి వున్నప్పుడు పేగును నడిపించే మందు ఇస్తే కీడు జరుగుతుంది. అది చేత్తో నొక్కి, అవసరమయితే ఎక్స్‌రే తీసి డాక్టరు తేల్చవలసిన విషయం.

ఎండాకాలం జాగ్రత్త

చల్లటి దేశంనుంచి వచ్చిన ప్రాణి కనుక కుందేలుకు మన ఎండలు పడవు. దానికి చెమట పట్టదు. ఒంటి వేడి చాలావరకు చెవుల ద్వారానే పోతుంది. 30 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడుతుంది. మరి రోహిణి కార్తెలో మన దగ్గర 40 దాటడం మామూలే. వేడికి తిండి తగ్గిస్తుంది, తిండి తగ్గితే పేగు నెమ్మదిస్తుంది. అందుకే వేసవిలో కడుపు జబ్బుల బెడద ఎక్కువ.

రేకుల కింద గూడు వుంచకూడదు. చెట్టునీడనో, తాటాకు పందిరి కిందనో గాలి ఆడేచోట వుంచి, పక్కన తడి గోనె కట్టాలి. కొత్త కుండపెంకులో నీళ్ళు పోసి పెడితే చల్లగా వుంటాయి. గొట్టం సీసాకన్నా వెడల్పాటి మట్టిపాత్రలో కుందేలు ఎక్కువ నీళ్ళు తాగుతుంది. కిలో బరువుకు రోజుకు 50 నుంచి 150 మిల్లీలీటర్లు మామూలుగా తాగుతుంది, వేసవిలో ఇంకా కావాలి. మేత తెల్లవారుజామున, చల్లబడిన తర్వాత రాత్రి వేస్తే బాగా తింటుంది.

డాక్టరును చేరేలోపు

తిండి మానిన కుందేలు చెవులు చల్లగా వుంటే గుడ్డలో చుట్టి వెచ్చగా వుంచాలి. వడదెబ్బ తగిలి చెవులు కాలుతూ వుంటే నీడకు చేర్చి, చెవులను తడిగుడ్డతో తుడవాలి. మంచు నీళ్ళలో ముంచకూడదు. తాజా కొత్తిమీర, గరిక ముక్కు దగ్గర పెట్టి చూడాలి. ఒక్క రెమ్మ తిన్నా మంచిదే. పొట్ట మెత్తగా వుంటే నెమ్మదిగా నిమరవచ్చు, నేలమీద నాలుగడుగులు గెంతనివ్వవచ్చు. పొట్ట డోలులా బిగిసి వుంటే నిమరడం గాని, నోట్లో ఏదైనా పోయడం గాని చేయరాదు. నీరసంగా వున్నదాని నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నానిన గుళికల గుజ్జును సిరంజితో తినిపించడం డాక్టరు చెప్పిన తర్వాతే.

ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు ఆ రోజు పెంటికలు కొన్ని కాగితంలో పొట్లం కట్టి తీసుకెళ్ళాలి. చివరిసారి ఎప్పుడు తిన్నది, ఏం తిన్నది, మేత ఈమధ్య ఏమైనా మార్చారా అన్నవి చెప్పగలగాలి. డాక్టరుకు సగం పని అక్కడే అయిపోతుంది. 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య సేవల వివరం తెలుస్తుంది. కుందేలు అని ముందే చెప్పి అడగడం మంచిది. ఈ ప్రాంతం వారికి గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల అందుబాటులో వున్నది. తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు పశువైద్య కళాశాలలు వున్నాయి. కుందేళ్ళను నాలుగు డబ్బుల కోసం పెంచదలచుకున్నవారికి తమిళనాడు కొడైకెనాల్ కొండల్లోని మన్నవనూరులో కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ వారి దక్షిణ ప్రాంత కేంద్రం వున్నది. అక్కడ కుందేళ్ళ పెంపకం మీద పరిశోధన జరుగుతున్నది.

కుందేలును సాకడానికి పెద్ద ఖర్చేమీ లేదు. గట్టు మీది గరికకు ధర లేదు, తట్ట చూడటానికి నిమిషం చాలు. ఆ పనిని ఇంట్లో పిల్లలకు అప్పగిస్తే వారికీ బాధ్యత తెలుస్తుంది. పొద్దున్నే గూటి దగ్గరకు వెళ్ళిన పిల్లవాడు "అమ్మా, ఇవాళ తట్టలో ఏమీ లేదే" అని చెప్పిన రోజున పెద్దలు "ఉండనీలే, ఒక పూట పస్తుంటే అదే తగ్గుతుంది" అనకూడదు. ఆ మాట విన్న వెంటనే పశువుల ఆస్పత్రికి బయలుదేరాలి. పిల్లవాడు చూసి చెప్పడం, పెద్దవారు విని కదలడం - ఈ రెండూ వున్న ఇంట్లో కుందేలు చాలాకాలం బతుకుతుంది.